కవరు తెరవని మనిషి

నిన్న పేపర్లో ఆ తొట్టి ఫొటో వేశారు. లోపలి పేజీలో, వేరుశెనగ ధరల పక్కన, అరచెయ్యంత. కొండ కింద, భూమి లోపల, మన అనంతపురంలో ఏ అపార్ట్‌మెంటూ అంత ఎత్తు ఉండదు, అంత తొట్టి. నిండా నీళ్ళు. గోడల నిండా పుచ్చకాయలంత గాజు బుడ్లు. నీళ్ళ మీద ఒక రబ్బరు పడవ, అందులో ఇద్దరు మనుషులు బుడ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నారు. కింద నాలుగు ముక్కలు రాశారు. ఎప్పుడో పేలి చచ్చిపోయిన నక్షత్రాల నుంచి వచ్చే న్యూట్రినోలనే కంటికి కనబడని కణాలను పట్టడానికట ఇది. జాడ కనబడుతున్నట్టే ఉంది గానీ ఇంకా ఖాయం కాలేదట. ఇంతకంటే పెద్ద తొట్టి ఇంకొకటి తవ్వుతున్నారట.

ఖాయం కాలేదట! పేపరు మడిచి అవతలికి విసిరేశాను. కాసేపటికి నేనే లేచి తెచ్చుకుని, ఆ ఫొటో వరకు కత్తిరించి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. ఆ నీళ్ళకు పన్నెండేళ్ళు కాపలా కాసినవాడొకడు మా ఊళ్ళో ఉండేవాడు. వచ్చే నెలకు వాడు పోయి రెండేళ్ళు.

వాడి పేరు రాయను. ఆ తొట్టి పేరు, ఆ దేశం పేరు కూడా రాయను. వాళ్ళతో నాకేం పంచాయితీ లేదు. నా పంచాయితీ వేరే ఉంది, చెప్తాను.

మేమిద్దరం కళ్యాణదుర్గం హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, నాలుగు చోట్ల చాకిరీ చేసి, చివరికి అనంతపురంలో సొంతంగా స్కానింగ్ సెంటర్ పెట్టుకున్నాను. వాడు ఫిజిక్స్ చదివి ఇక్కడే యూనివర్సిటీలో చేరాడు. ఆ తొట్టి నుంచి వచ్చే లెక్కలను జల్లెడ పట్టే గుంపులో వాడొకడు. ఆ గుంపులో వందలమంది, ఎన్నో దేశాల వాళ్ళు. అందరూ అక్కడికే పోయి కూర్చోనక్కర్లేదు. రెక్క ఊడిపోయిన కిటికీ పక్కన, గీమని అరిచే ఫ్యాను కింద కూర్చుని, వాడు కంప్యూటర్లో ఆ కొండ కింది నీళ్ళను చూస్తూ ఉండేవాడు. రెండుసార్లు మాత్రం నిజంగా పోయి చూసొచ్చాడు.

మొదటిసారి పోయొచ్చి వాళ్ళమ్మకు చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆమె ఊళ్ళో, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"అన్ని నీళ్ళా? తాగేకా?" అంది.

"తాగేకి గాదుమ్మా. చూసేకి."

"నీళ్ళను చూసేకి అంత దూరం పోవల్లనా నాయనా? పొద్దన్నుంచి ఈడ మేమూ అదే పని చేస్తాండాం."

వాడు నవ్వాడు. వాడి నవ్వుకు శబ్దం ఉండదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. తర్వాత లేచి బిందెలు ట్యాంకరు దగ్గరికి మోశాడు.

వాడికో అలవాటు ఉండేది. షేర్ ఆటోలోనైనా సరే, పెళ్ళి భోజనాల్లోనైనా సరే, ఎవరో ఒకరి ముఖం ముందు బొటనవేలు పెట్టేవాడు. "ఈ గోరు సందున, నేను మాట్లాడతాండంగానే, సూర్యుని నుంచి వచ్చిన న్యూట్రినోలు ఎన్ని కోట్లు దూరిపోయినాయో తెల్సునా? నీకేమన్నా తెలిసిందా? నీ చెయ్యికి తెలిసిందా? కొండలకు తెల్లే, భూమికీ తెల్లే. ఇట్ల దూరి అట్ల పోతాండాయి." ఒకసారి శింగనమల ఆటోలో ఒక ముసలాయన ఇదంతా విని, "పోతే పోనీలేప్పా. మనల్నేమన్నా బువ్వ పెట్టమన్యాయా," అన్నాడు. ఆ మాట వాడికి ఎంత నచ్చిందంటే, యూనివర్సిటీలో పాఠం చెప్పేటప్పుడు కూడా అదే చెప్పేవాడట.

వాడికి కావలసినవి సూర్యుడివి కాదు. అవి దండిగా వస్తాయి. ఎప్పుడో, ఈ భూమి కూడా పుట్టకముందు, ఎక్కడెక్కడో పేలిపోయిన పెద్ద పెద్ద నక్షత్రాలు లెక్కలేనన్ని ఉన్నాయట. పేలినప్పుడు వాటి శక్తిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు వెలుతురుగా పోదట, ఈ న్యూట్రినోలుగా పోతుందట. అవన్నీ కలిసి సన్నటి ధూళి మాదిరి ఇప్పటికీ లోకమంతా తిరుగుతున్నాయి. ఏడాదంతా కాపలా కాస్తే అంత పెద్ద తొట్టిలో చేతి వేళ్ళకు సరిపోయేన్ని నీళ్ళకు తగులుతాయేమో. తగిలినప్పుడు ఒక చిన్న మెరుపు, ఆ వెనకే ఇంకా చిన్నది ఇంకో మెరుపు. అంతే. ఆకాశం నుంచి కురిసే వేరే చెత్త తగిలినా మెరుపులు వస్తాయి, అవి వేలకు వేలు. ఆ చెత్తను ఆపడానికే నెత్తిన కొండ. అప్పటికీ ఆగనిదాన్ని ఏరి పారేయడానికి మా వాడు.

"మొదటి మెరుపు ఎవడైనా మెరుస్తాడప్పా. రెండోది వచ్చిందా లేదా చూడల్ల. రాకపోతే మొదటిదాన్ని నమ్మగూడదు," అనేవాడు.

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. అసలు జవాబు ఉండే భాగాన్ని ఎవరికీ కనబడకుండా మూసి పెడతారు. దాన్ని పెట్టె అంటారు. ఏ మెరుపును ఉంచాలి, ఏది పారెయ్యాలి అన్న నియమాలన్నీ ముందే రాసి, అందరూ ఒప్పుకున్నాకే పెట్టె తెరుస్తారు. తెరిచాక ఒక్క నియమం కూడా మార్చడానికి లేదు. ముందే చూస్తే ఏమవుతుందిరా, కొంప మునుగుతుందా అని అడిగాను.

"చెయ్యి వంకర పోతాది. నువ్వు దొంగవు కాకపోయినా పోతాది. నీకు కావల్సింది కండ్ల ముందర ఊరిస్తాంటే నియమాన్ని రొంత సడలిస్తావు. సడలించినట్ల నీకే తెలీదు. అందుకే ముందు రాయల్ల, తర్వాత చూడల్ల."

ముందు రాయి, తర్వాత చూడు. ఈ మాటతో మా అందరి ప్రాణాలు తీసేవాడు. చొక్కా జేబులో పాత క్యాలెండర్ కాగితాలు నాలుగుగా చింపి పెట్టుకునేవాడు. జూన్‌లో మబ్బు రాకముందే పొలం ఉన్న ప్రతివాడి చేతిలో ఒక కాగితం పెట్టి, "నేల ఎంత పదునైతే ఏం విత్తుతావో ఇప్పుడే రాయి. మబ్బొచ్చినంక నీ మాట నువ్వే వినవు," అనేవాడు. రికార్డు చేసిన మ్యాచ్ చూడాలని, స్కోరు చెవిన పడకుండా సాయంత్రం టీ అంగడి ముందు నుంచి రెండు చెవులూ మూసుకుని పరిగెత్తేవాడు. పదో తరగతి ఫలితాలు బోర్డు మీద అంటిస్తే దగ్గరికి పోలేదు. ఎన్ని మార్కులొస్తే ఏం చదవాలో మూడు వరసలు రాసుకుని, ఆ తర్వాత నన్ను పంపి నంబరు చదివించుకున్నాడు. శెనక్కాయలు తినేటప్పుడు కూడా అంతే. అన్నీ ఒలిచి, పుచ్చువి ఏరేసి, అప్పుడు మొదలుపెట్టేవాడు. ఆలోగా నేను సగం తినేసేవాణ్ణి.

ఈ పిచ్చి వాడికి చదువుతో రాలేదు. వాళ్ళ నాయన నుంచి వచ్చింది. ఆయన తొమ్మిది బోర్లు వేయించాడు. అందులో ఒకదాన్ని హైస్కూలు రోజుల్లో నేను కూడా చూశాను, వాడి పక్కనే నిలబడి. నీళ్ళ జాడ చెప్పడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగిన మనిషి ఒకచోట ఆగి "ఈడ" అన్నాడు. రిగ్గు లారీ వచ్చింది. నాలుగు వందల అడుగులు పోయినా తెల్ల పొడి తప్ప తడి లేదు. ఆపమంటావా అని రిగ్గు మనిషి అడిగాడు. "ఇంగో నూరడుగులు పోనీప్పా," అన్నాడు ఆయన. ఐదు వందల దగ్గర మళ్ళీ అదే మాట. ఆరు వందల దగ్గర కూడా అదే మాట. సాయంత్రానికి మా తలలు, కనుబొమలు, అన్నం తెచ్చిన గిన్నె, అన్నీ పొడి. నీళ్ళు మాత్రం పడలేదు. తొమ్మిదో బోరు తర్వాత చేను పోయింది, ఆయన బెంగుళూరులో వాచ్‌మన్ పనికి పోయి అక్కడే కన్ను మూశాడు.

"మా నాయనకు నీళ్ళు పడలేదని నాకు బాధ లేదప్పా," అనేవాడు వాడు. "లారీ రాకముందే యాడ ఆపల్లనో రాసుకోలే. లారీ వచ్చి పొడి లేస్తాంటే ఏ మనిషికీ బుద్ధి నిలవదు."

వాడి సంగతి ఇది. ఇక నా సంగతి చెప్పాలి, ఎందుకంటే అది లేకుండా ఇది పూర్తి కాదు.

మా లైనులో కూడా ఒక కట్టుబాటు ఉంది. రిపోర్టులో ఏముందో మేం పేషెంటుకు చెప్పకూడదు. అది డాక్టరు చెప్పాలి. మాకు తెలియదా అంటే, ఎందుకు తెలియదు? ముప్పై ఏళ్ళుగా చూస్తున్న బొమ్మలే, ముప్పై ఏళ్ళుగా టైపు చేస్తున్న మాటలే. కానీ చెప్పకూడదు. వజ్రకరూరు నుంచో, కళ్యాణదుర్గం నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనుషులు కవరు చేతికి తీసుకోరు, ముందు మా మొహం వైపు చూస్తారు. చదువు రాకపోయినా మొహాలు చదవడం అందరికీ వచ్చు. అందుకని నేను మొహానికి తర్ఫీదు ఇచ్చుకున్నాను. కవరు ఇచ్చేటప్పుడు తొందరపడకూడదు, నెమ్మదించకూడదు. మామూలు కంటే ఎక్కువ మర్యాద చేయకూడదు. "డాక్టరుకు చూపించండి" అనే మాట జలుబుకూ చావుకూ ఒకే గొంతుతో అనాలి. నా దగ్గర పనికి చేరినవాళ్ళకు ఇది నేనే నేర్పేవాణ్ణి, గొప్పగా. థూ, ఏం గొప్ప!

ఆ ఏడు ఎండాకాలంలో వాడు వచ్చాడు. బెల్టుకు మేకుతో కొత్త బొక్క పొడుచుకున్నాడు. కడుపులో నొప్పి, బరువు తగ్గుతున్నాడు. డాక్టరు సి.టి. స్కాన్ రాశాడు. నేనే తీయించాను. సాయంత్రం రిపోర్టు చూసే డాక్టరు వచ్చి చూసి, చెప్తుంటే నేనే టైపు చేశాను. పెద్దపేగులో గడ్డ. ఇంకా ఎక్కడికీ పాకినట్టు లేదు. వెంటనే ఆపరేషన్ చేసే డాక్టరుకు చూపించాలి. రిపోర్టు డాక్టరు టీ తాగి వెళ్ళిపోయాడు. నేను ప్రింటు తీసి, కవర్లో పెట్టి, అంటించి, ఆ కవరు ముందు చాలాసేపు కూర్చున్నాను.

మరుసటి రోజు పన్నెండు గంటలకు వాడు వచ్చాడు. కవరు ఇచ్చాను. తెరవలేదు. జేబులోంచి క్యాలెండర్ కాగితం తీసి ఏదో రాసి నా ముందు పెట్టాడు. "పెట్టె తెరిచినంక కవరు తెరవడం" అని రాసి ఉంది, కింద సంతకం.

"ఏందిరా ఇది?"

"ఇంగ రెండు నెల్లకు మా పెట్టె తెరుస్తారప్పా. ఆరేండ్ల లెక్కలు. ఆఖరి కోత నా చేతుల్లో ఉండాది. ఏది ఉంచల్ల, ఏది పారెయ్యల్ల అనే గీత నేను గీయల్ల. దీంట్లో ఏమన్నా చెడ్డది ఉండి, నాకు టైము లేదని తెలిస్తే, నేను సచ్చేలోపల ఏదో ఒకటి అవుపించల్లని గీతను పక్కకు జరుపుతా. నన్ను నేను నమ్మను."

"పిచ్చి పట్టిందా నీకు? అది నీ నీళ్ళ తొట్టి, ఇది నీ కడుపురా!"

"చెయ్యి ఒకటే గదప్పా."

"కవరు తెరువు. ఈ పొద్దే డాక్టరు దగ్గరికి పో," అన్నాను.

వాడు తల పక్కకు వంచి అడిగాడు: "అట్ల అంటాండావంటే, దీంట్లో ఏమో ఉండాదనా?"

ఇదిగో, ఇక్కడ. నా యాభై మూడేళ్ళ బతుకులో వెనక్కి పోయి ఒక్క నిమిషం మార్చుకోమంటే ఈ నిమిషం మార్చుకుంటాను. "ఉందిరా, గాడిదా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోటికి అనంతపురంలో పేరుంది. కరెంటోళ్ళను తిట్టాను, కార్పొరేటర్ను తిట్టాను, మా ఆవిడ తమ్ముణ్ణి పెళ్ళి పందిట్లోనే తిట్టాను. ఆ రోజు మాత్రం ఆ నోరు లేవలేదు. మొహం దానంతట అదే సర్దుకుంది, ముప్పై ఏళ్ళ తర్ఫీదు. "అందరికీ అదే చెప్తాం రా. మా లైనులో రివాజు," అన్నాను, స్టేప్లర్ సర్దుకుంటూ.

ఎందుకన్నాను? రోజూ నన్ను నేను ఇదే అడుగుతాను. వాడి పని పాడవకూడదని అన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వాడి ముఖం చూస్తూ ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. రివాజు అనే గోడ ఉంది గదా, దాని చాటుకు పోయాను.

వాడు కవరు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా శుక్రవారం నేను నమాజు ముగించుకుని వచ్చేసరికి టీకి వచ్చేవాడు, ఎప్పటిలాగే. కానీ కుర్చీని గోడ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. నా గోడ మీద మందుల కంపెనీ క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. దాన్ని చూస్తూ టీ తాగేవాడు. "నీ మొహం చూడగూడదు. పెట్టె తెరిచేదంకా," అనేవాడు. పక్క గదిలో పనిచేసే అమ్మాయిలు ముసిముసిగా నవ్వేవాళ్ళు. నేను ఆ వీపును చూస్తూ ఉండేవాణ్ణి. వారం వారం చొక్కా ఇంకా వదులయ్యేది.

"కవరు తెరిచినావా?"

"లే."

"తెరువు."

"తెరుస్తాలే."

ఇంతే మా మాటలు. రెండు నెలలు అన్నది మూడైంది. ఎవరో ఒక సందేహం లేవదీశారట, ఇంకోసారి సరిచూడాలట. మూడు నాలుగైంది. "ఇంగో నెలప్పా, అంతే," అన్నాడు క్యాలెండరుతో. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. మీ నాయన మాట ఇదేరా, ఇంకో నూరడుగులు అని ఆయన అన్నది ఇట్లాగే కదరా అందామని నోటి దాకా వచ్చింది. వాడు కాగితం మీద ఆపే చోటు రాసుకున్నాడు, నిజమే. ఆ చోటును వేరేవాళ్ళ చేతుల్లో పెట్టాడు. వాళ్ళు నెల నెలా దాన్ని ముందుకు జరుపుతూ పోయారు, వాళ్ళకు వీడి కడుపు సంగతి ఏం తెలుసు? ఇంత తెలివిగలవాడికి ఇది తట్టలేదు. నాకు తట్టింది. తట్టి కూడా, "టీలో చక్కెర సరిపోయిందా?" అన్నాను.

వాళ్ళావిడకైనా చెప్పి ఉండొచ్చు. ఆమె మున్సిపల్ స్కూల్లో తెలుగు టీచరు, నన్ను అన్నా అని పిలుస్తుంది. రెండుసార్లు వాళ్ళింటి సందు దాకా పోయాను కూడా. పేషెంటు రిపోర్టు పేషెంటుదే, ఇంట్లోవాళ్ళకు చెప్పే హక్కు మనకు లేదు అనుకుని తిరిగొచ్చాను. పిరికివాడికి రూల్సు బాగా గుర్తుంటాయి.

ఐదో నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం వాడు ఆటో దిగి, మెట్లెక్కి, రొప్పుతూ వచ్చి, కుర్చీని నా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అన్ని నెలల తర్వాత ముఖం చూశాను. కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. కానీ వాడు సంతోషంగా ఉన్నాడు.

"పెట్టె తెరిచినారప్పా!"

"ఏమొచ్చింది?"

"ఉన్నట్లే ఉండాది. ఉండాదని చెప్పేకి చాలదు." భుజాలు ఎగిరాయి, ఆ శబ్దం లేని నవ్వు. "నేను గీత రొంత, ఇంత, పక్కకు జరిపింటే ఇంగా బాగా అవుపించేది. నాకు తెల్సు. జరపలే. యాడ గీసినానో ఆడ్నే ఉండాది. చెయ్యి వంకర పోలేదు."

తర్వాత సంచిలోంచి కవరు తీశాడు. నా టేబుల్ మీది కత్తెర తీసుకుని, అంచు మాత్రమే కత్తిరించి, కాగితం బయటికి లాగి చదివాడు. నిదానంగా, వేలు పెట్టి, ఒక్కో వరసా. తేదీ ఉన్న చోట వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. బయట మా సెంటర్ అమ్మాయి ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది, కడుపు నిండా నీళ్ళు తాగి రమ్మని.

తల ఎత్తి నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు నా మొహం నా మాట వినలేదు.

"నీకు తెల్సు," అన్నాడు.

నా చెయ్యి మళ్ళీ స్టేప్లర్ మీదికి పోయింది.

"బాగా దాచినావు రా." కోపంగా అనలేదు. తోటి పనివాడి పనితనం చూసి మెచ్చుకున్నట్టే అన్నాడు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి తిరిగి అని ఉండేవాణ్ణి, తేలికపడేవాణ్ణి.

బెంగుళూరు తీసుకుపోయాం. నేనూ పోయాను. లివరుకు పాకిందన్నారు. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని అక్కడి డాక్టరు ఇంగ్లీషులో కోప్పడ్డాడు. వాడు తల వంచుకుని, స్కూలు పిల్లవాడిలాగా విన్నాడు. ఏడు నెలలు బతికాడు. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని కూడా నర్సులకు బొటనవేలు చూపించేవాడు, మాట రాకపోయినా.

యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీలో వాడి పక్కన రాకెట్ బొమ్మ వేశారు. వాడికీ రాకెట్‌కూ ఏం సంబంధమో ఆ వేసినవాడికే తెలియాలి. ఒక పెద్దమనిషి లేచి, కరువు సీమలో పుట్టి అంతరిక్షాన్ని జయించాడన్నాడు. ఇంకొకాయన వాడికి జ్యోతిషం కూడా బాగా తెలుసన్నాడు. గీత జరపని సంగతి ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికి తెలుసు? ఆ గుంపువాళ్ళు తర్వాత అచ్చు వేసిన కాగితంలో వందల పేర్ల మధ్య వాడి పేరు ఉందని వాళ్ళావిడ ఫోన్‌లో పంపింది. చాలాసేపు వెతికితే గానీ దొరకలేదు నాకు.

సభ అయిన వారానికి ఆమె నా సెంటర్‌కు వచ్చింది. ఇన్సూరెన్సుకు పాత స్కాన్ కాపీ కావాలట. ఇచ్చాను. కూర్చుంది. వాడు వీపు పెట్టి కూర్చున్న కుర్చీ అదే, నేను లేచి వేరేది వేయబోయాను, ఫర్వాలేదంది.

"ఆ కవరు తెచ్చుకున్న పొద్దు ఇంటికొచ్చి నాతో ఒక మాట చెప్పినాడన్నా," అంది. "తప్పు చేసినా, చూడగూడదనుకుంటానే వాని మొహం చూసేసినా అన్నాడు. ఎవరి మొహం అంటే, మీదేనన్నాడు. ఏం లేదులే, ఉండింటే వాని నోరు ఆగేదా, కొట్టి డాక్టరు దగ్గరికి తీసకపోయేటోడు అని ఒకటే నవ్వు. ఆ సాయంత్రం పండగ మాదిరి ఓళిగలు చెయ్యమన్నాడు. నాలుగు తిన్నాడు, కడుపు నొప్పి ఉండి కూడా."

నేను టేబుల్ మీది కాగితాలు సర్దాను.

"ఆస్పత్రిలో ఒకసారి అడిగినా. అన్నకు ముందే తెలిసుంటాదేమో గదా అంటే, ఊహూ, వాళ్ళు చదవరు, అంటించి ఇచ్చేస్తారు, వానికేం తెలీదు అన్నాడు. నాకూ అట్లనే అనిపించింది. తెలిసుంటే మీరు ఊరుకుంటారా?" కళ్ళు తుడుచుకుంది. "మీ మొహం చూసి ఐదు నెల్లు నిమ్మళంగా ఉన్యాడన్నా. రోజూ నిద్ర పోయినాడు. మీ పుణ్యం."

లెక్కలో ఒక్క గీత జరపనివాడు, చచ్చేముందు పెళ్ళాంతో నా కోసం అబద్ధమాడాడు. ఆ కుర్చీలో ఆమె, ఇటు పక్క నేను. కనీసం అప్పుడైనా చెప్పాలి కదా? "లేదమ్మా, మేమెందుకు చదువుతాం," అన్నాను. "రొంత టీ తాగి పోమ్మా," అన్నాను. ఆమె తాగి, దండం పెట్టి పోయింది.

రెండేళ్ళుగా పండగకూ పబ్బానికీ ఫోన్ చేసి ఆరోగ్యం ఎట్లా ఉందన్నా అని అడుగుతుంది. తెలుగు టీచరు కదా, నేను అప్పుడప్పుడు పత్రికలకు రాసేది ఏది అచ్చయినా చదివి తప్పులు కూడా చెప్తుంది. ఇది కూడా చదువుతుంది. ఎదురుగా కూర్చుని చెప్పే మగతనం లేక ఇక్కడ రాస్తున్నాను.

అమ్మా, నేను చదివినా. టైపు చేసిందే నేను. కవరు అంటించకముందే నాకు తెలుసు.